చుట్టాల గది

మా రెండిళ్ళకీ వాకిలి ఒక్కటే. ఇటు మా ఇల్లు, అటు బావగారిల్లు, మధ్యలో ఖాళీ స్థలం. ఆ స్థలంలో ఒక మూల బట్టలుతికే బండ, ఇంకో మూల బావగారి డాబా మీదికి మెట్లు. అన్నదమ్ములిద్దరి ఉమ్మడి జాగా కాబట్టి అక్కడ ఒక మేకు కొట్టాలన్నా రెండిళ్ళవాళ్ళూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. మా ఆయన లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అందుకని మా ఇంటి తరఫున మాట్లాడేది నేనే. నోరున్నదానివి నువ్వుండగా నేనెందుకని ఆయన అంటాడు.

ఆ నోరున్నదానికే ఒకరోజు మాట పడిపోయింది. చుట్టాలొస్తే పడుకోవడానికి ఆ ఖాళీ స్థలంలో ఒక గది వేద్దామన్నారు బావగారు. ఏడాదిగా మా ఇంటికి చుట్టాలెవరూ రావడం లేదు. మేమే రావద్దన్నాం.

అంతకుముందు మా ఇల్లు సత్రమే. ఎవరో ఒకరు సంచీతో దిగేవాళ్ళు. పెద్ద జంపఖానా పరిచి దిండ్లు వరసగా వేసేవాళ్ళం. అది చాలకపోతే ముందు ఖాళీ చేసేది బావగారి కూతురి మంచమే. దాన్ని అందరం మూట అనేవాళ్ళం, అసలు పేరు బడిలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. నిద్రపోతే దానికి లోకం తెలిసేది కాదు. ఎత్తితే మూటలాగే భుజం మీదికి వచ్చేసేది. ఒకచోట పడుకుని ఇంకోచోట లేచేది. చీకట్లో కళ్ళు నులుముకుంటూ "ఇప్పుడు నేనెక్కడున్నాను?" అని అడిగేది. వంటింట్లో అనో, పిన్ని పక్కన అనో ఎవరో ఒకరం నవ్వుతూ చెప్పేవాళ్ళం. అది "సరే" అని మళ్ళీ పడుకునేది. ఆ "సరే" నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పోయిన ఎండాకాలం ఇంటినిండా చుట్టాలున్న రోజు, బావగారు దాన్ని ఎత్తుకెళ్ళి డాబా మీద పడుకోబెట్టారు. డాబాకి ఒక పక్క పిట్టగోడ లేదు. ఆయన మేస్త్రి. ఊరందరి డాబాలకీ పిట్టగోడలు కట్టిన మనిషికి తన డాబాకి కట్టుకునే తీరిక దొరకలేదు. దానికి ఏ వేళప్పుడో మెలకువ వచ్చి ఉంటుంది. తన గదిలో అయితే పక్క దిగి ఎడమకి తిరిగితే తలుపు. అలవాటు కొద్దీ ఎడమకే తిరిగింది, గోడ లేని వైపుకి. ఎక్కడున్నానని ఆ రాత్రి ఎవర్నీ అడగలేదు. అడిగిందేమో, మాకెవరికీ వినపడలేదు.

అప్పట్నుంచి అక్క, అంటే మా తోటికోడలు, బావగారితో మాట మానేసింది. తిట్టలేదు, నిలదీయలేదు. భోజనం వడ్డించి, మీ బావగారిని రమ్మనమని నాతో చెప్పేది. ఆయనేమో, మీ అక్కకి ఒంట్లో బాగుందా అని నన్నే అడిగేవారు. పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరికీ నేను పోస్టు మోసేదాన్ని. పిట్టగోడ కోసం ఆయన ఇటుకలు దింపించారు గానీ, డాబా అంచుకి వెళ్ళగానే తాపీ కింద పెట్టి దిగొచ్చేసేవారు. ఇటుకలు మెట్ల కిందే ఉండిపోయాయి.

"ఈ ఇంట్లో నిద్రపోయే పిల్లల్ని ఇక ఎవరూ ఎత్తి మార్చకూడదమ్మా. అందుకే గది," అన్నారు బావగారు. నాకూ నాలుగేళ్ళ కూతురుంది. కాదనడానికి నాకు మనసొప్పలేదు. అక్కకి చెబితే బట్టలు మడతపెడుతూ ఊ అనలేదు, ఉహూ అనలేదు. దాన్నే ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాను.

బావగారికి పనిలో ఒక చాదస్తం ఉంది. పడకగది అనగానే పునాది తవ్వరు. గోడలొచ్చే చోట నేల మీద ఒక్క వరస ఇటుకలు, సిమెంటు లేకుండా ఊరికే పేరుస్తారు. తలుపొచ్చే చోట ఖాళీ వదులుతారు. ఆ ఇటుకల మధ్య చాపేసుకుని తనే పడుకుంటారు. గాలి ఎటునుంచి వస్తోంది, ఎండ ఎప్పుడు మొహాన కొడుతుంది, పక్కింటి మాటలు ఎంతవరకు వినపడతాయి, అన్నీ పడుకునే చూస్తారు. ఇల్లు కట్టించుకునేవాళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత వాళ్ళూ ఆయన పక్కన చాపేసుకుంటారు. ఆయన కట్టిన గదిలో ఉక్కపోతని ఒక్కరూ అనగా నేను వినలేదు.

ఆదివారం పొద్దున ఖాళీ స్థలంలో ఇసుక చల్లి చదును చేసి, ఇటుకలు పేర్చారు. మెట్ల కింద ఉన్నవే తీశారు. పిట్టగోడ కోసం తెచ్చినవి కదా అని నా నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

మధ్యాహ్నం చాప పరిచి, మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నారు. నేను లోపలికెళ్ళి మా పాపని నిద్రపుచ్చి వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. ఆయన ఇటుకల బయట, బట్టలుతికే బండ పక్కన, మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నారు. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి తల కింద ఉంది.

"ఏంటి బావగారూ, గది ఇక్కడికి జరిపారా?" అన్నాను వేళాకోళంగా.

ఆయన కళ్ళు తెరిచి అటూ ఇటూ చూశారు. మొహంలో పెద్దరికం ఏదీ లేదు.

"ఇప్పుడు నేనెక్కడున్నాను?" అన్నారు.

నా నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన లేచి, ఎండ దెబ్బ అయి ఉంటుందని సర్ది చెప్పుకుని నీళ్ళు తాగారు. నేనూ అంతే అయి ఉంటుందనుకున్నాను.

మర్నాడు పని నుంచి వచ్చి, సాయంత్రం గాలి ఎలా ఉంటుందో చూడాలని మళ్ళీ పడుకున్నారు. ఈసారి మెట్ల దగ్గర దొరికారు. ఆ మర్నాడు మెట్లెక్కి, మలుపు దగ్గర. ప్రతిసారీ మోకాళ్ళు ముడుచుకుని ఉన్నారు, తువ్వాలు మడిచి తల కింద ఉంది. నేను వంగి ఆయన పాదాలు చూశాను. స్థలమంతా ఆయన రోజూ నీళ్ళు చల్లే తడి ఇసుక. దాని మీద అడుగుల గుర్తుల్లేవు. ఆయన అరికాళ్ళకి రవ్వంత ఇసుక అంటలేదు. మలుపు దగ్గర ఎక్కడో తెలిసిన వాసన... చెమటకాయల పౌడరు వాసన. మూటకి స్నానం చేయించి వీపంతా తెల్లగా పూసేవాళ్ళం.

ఆయన్ని లేపి మెట్ల మీదే కూర్చోబెట్టి, ఏం జరుగుతోందో చెప్పమని అడిగాను. తన చేతులు చూసుకున్నారు.

"ఎవరో ఎత్తుకుంటున్నట్టు తెలుస్తుందమ్మా. చిన్న చేతులు. నాకు మెలకువ రాకూడదని ఎంత జాగ్రత్తగా ఎత్తుతుందనుకున్నావు. నేను దాన్ని అంత జాగ్రత్తగా ఎత్తలేదు."

"ఎక్కడికి తీసుకెళ్తోందో తెలుసా మీకు?"

ఆయన తలెత్తి, పిట్టగోడ లేని వైపు చూశారు. "తెలుసు," అన్నారు.

ఆ ఇటుకలు తీసేయమని బతిమాలాను. తీయనన్నారు. ఈ రాత్రికి అక్కడే పడుకుంటానన్నారు. ఏడాది తర్వాత ఆయన మొహంలో మొదటిసారి నెమ్మది కనపడింది. నన్ను భయపెట్టింది ఆ నెమ్మదే. ఆయనకి బతకాలని లేదు. కూతురు పిలుస్తోందని సంతోషంగా ఉంది.

పరుగున వెళ్ళి అక్కకి అంతా చెప్పాను. గిన్నెలు కడుగుతున్న ఆమె చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. నమ్మలేదేమో, నాకు పిచ్చి పట్టిందనుకుంటుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే, దాన్ని నేను చూశానా అని. లేదన్నాను. చేతులు తుడుచుకుని వాకిట్లోకి నడిచింది. బావగారు అప్పటికే చాప దులుపుతున్నారు. అక్క తలుపు కోసం వదిలిన ఖాళీ దగ్గర నిలబడింది.

"తలుపు ఇటు పెడితే వాన జల్లు లోపలికి కొడుతుంది," అంది.

ఏడాది తర్వాత ఆయనతో ఆమె అన్న మొదటి మాట అది. ఆయన చాప పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు. ఇటుకలు ఎత్తి ఖాళీని ఇంకో వైపుకి మార్చారు. వరస తిన్నగా ఉందో లేదో చూసే దారం అక్కడే పడి ఉంటే, అక్క దాని ఒక కొస ఆయన మణికట్టుకి కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది.

"పడుకోండి. నేను పట్టుకునే ఉంటాను."

మా ఆయన ఊళ్ళో లేడు. పాపని మంచం మీద పడుకోబెట్టి, పెరటి తలుపు గడియ చూసుకుని, వీధి తలుపుకి బయట గొళ్ళెం పెట్టాను. ఆ తలుపుకే వీపు ఆనించి గుమ్మంలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి ఇటుకల గీత, దాని మధ్య రెండు ఆకారాలు మసగ్గా కనపడుతున్నాయి. రోడ్డు మీద బళ్ళ చప్పుడు తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగింది. తడి ఇసుక వాసన, పాత ఇటుకల వాసన. గాలి లేదు.

వాసన మారింది.

పౌడరు...

ఇటుక మీద ఇటుక ఒరుసుకున్న చప్పుడు. చాలా మెల్లగా. ఎవరో నిద్రపోతున్నవాళ్ళని లేపకూడదని జాగ్రత్తపడుతున్నట్టు. బావగారి తల కొద్దిగా పైకి లేచింది. మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తితే ఎలా లేస్తుందో అలా. ఆ చెయ్యి మాత్రం నాకు కనపడలేదు. దారం బిగిసింది. లేవాలనుకున్నాను. లేవలేకపోయాను.

అప్పుడు అక్క గుసగుస వినపడింది.

"వద్దమ్మా... నాన్నని ఇక్కడే ఉండనీ... చోటుంది తల్లీ. అందరికీ చోటుంది... ఎవర్నీ మార్చక్కర్లేదు..."

ఎంతసేపు గడిచిందో తెలియదు.

"సరే."

దాని గొంతే. నిద్రమత్తులో, ఎప్పట్లాగే, ఎదురు చెప్పకుండా.

బావగారి తల మెల్లగా చాప మీదికి దిగింది. అక్క నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడవడం వినపడింది. నేనూ ఏడ్చాను. భయం పోయింది, దాని మీద జాలి ఒక్కటే మిగిలింది. బతికున్నప్పుడు ఒక్కసారైనా దాన్ని ఎత్తే ముందు, నీకు ఇష్టమేనా అని అడిగామా మేము. ఏడ్చి ఏడ్చి అలాగే తలుపుకి తలవాల్చి కన్ను మూశాను.

లేచేసరికి తెల్లవారింది. పిట్టలు అరుస్తున్నాయి. నా వీపు తలుపుకే ఆని ఉంది, గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇటుకల మధ్య బావగారు, అక్క ఒకరి వైపు ఒకరు తిరిగి నిద్రపోతున్నారు. ఇద్దరి చేతుల మధ్యా దారం అలాగే ఉంది. అమ్మయ్య అనుకుని దగ్గరికెళ్ళాను.

వాళ్ళిద్దరి మధ్యలో మా పాప పడుకుని ఉంది. మోకాళ్ళు ముడుచుకుని, తల కింద మడిచిన తువ్వాలుతో.

దాన్ని లాగి ఒళ్ళోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది, ఊపిరి తీస్తోంది, వీపంతా పౌడరు. కళ్ళు సగం తెరిచి నన్ను చూసింది.

"మూటక్క ఎత్తుకొచ్చిందమ్మా," అంది. "మనింటికి చుట్టాలొచ్చారు. అందరికీ చోటుందని విన్నారంట."

"ఎవరమ్మా? ఎవరొచ్చారు?"

"నాకు తెలీదు. అక్కకి కూడా తెలీదంట. అక్కకి భయమేసింది. అందుకే నన్ను తీసుకొచ్చేసింది."

అలా చెప్పి నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. దాన్ని వాళ్ళిద్దరి మధ్య మళ్ళీ పడుకోబెట్టి ఇంటివైపు నడిచాను. గొళ్ళెం తీశాను. లోపల పెరటి తలుపుకి గడియ వేసే ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి. పాప మంచం ఎవరో గోడ వారకి జరిపారు, చుట్టాలొచ్చినప్పుడు మేం జరిపినట్టే.

నడవడానికి సందు లేకుండా నేలంతా పెద్ద జంపఖానా పరిచి ఉంది. పోయిన ఎండాకాలం దాన్ని నేనే మడిచి పెట్టె అడుగున పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెళ్ళో గొలుసుకే ఉంది. జంపఖానా మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసగా దిండ్లు, ప్రతి దిండు మీదా తల ఆనిన గుంట.

వంగి, గుమ్మం పక్కనున్న దిండు మీద చెయ్యి వేశాను. రాత్రంతా నేను ఆనుకుని కూర్చున్న తలుపుకి అవతల, సరిగ్గా నా వీపు వెనకే ఉందది.

ఇంకా వెచ్చగా ఉంది.