గిన్నెల మిషను మీద మూడో కంప్లయింట్

"దీన్ని కడిగిన గ్లాసంటారా? మీరే చెప్పండి!"

పళ్ళ డాక్టరమ్మ గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అడుగున పాల మరక తెల్లగా అంటుకునే ఉంది. గిన్నెలు కడిగే మిషను బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"లోపలికి రానిస్తే చూస్తానండీ."

తను దారికడ్డంగా నిలబడి దులిపేస్తోందని అప్పుడు గానీ ఆమెకి తట్టలేదు. కోపం వస్తే ఆమెకి ముందూ వెనకా కనిపించవు. పోనీ తిట్లు తిన్న మనిషి మొహం మాడ్చుకున్నాడా అంటే అదీ లేదు, నవ్వు ఆపుకుంటున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

అతను అడుగునున్న జల్లెడ తీసి కడిగాడు. నీళ్ళు చిమ్మే రెక్కల చిల్లుల్ని పిన్నుతో పొడిచాడు. నీళ్ళు వేడెక్కుతున్నాయో లేదో చూశాడు. సింకులో ఉన్న మధ్యాహ్నం గిన్నెల్ని ఉన్నవి ఉన్నట్టే సర్ది మిషను తిప్పితే అన్నీ తళతళలాడుతూ బయటికొచ్చాయి. అతను వెళ్ళిన మర్నాడు మళ్ళీ మరకలే.

రెండోసారి వచ్చినప్పుడు వాన మొదలైంది.

"మీరు వెళ్ళగానే దీనికి బెంగ పట్టుకుంటున్నట్టుంది," అంది వెటకారంగా.

"ఒక్క మిషనుకేనాండీ బెంగ?"

"ఏంటన్నారు?"

"ఏం లేదండీ. టార్చి కాస్త ఇలా పట్టుకోండి."

పట్టుకుంది. అతను లోపలికి తొంగి చూస్తూ చెప్పాడు. "ఇది తెలివైందండీ. నీళ్ళు ఎంత మురికవుతున్నాయో చూసుకుని, ఇంకా ఎంతసేపు కడగాలో అదే తేల్చుకుంటుంది."

"అయితే మీకంటే నయమే. మీరు ఇంకా ఏమీ తేల్చలేదుగా!"

ఈసారి అతను నవ్వు ఆపుకోలేదు. ఆమె కూడా నవ్వేసింది. వాన వెలిసేదాకా టీ తాగుతూ కూర్చుని ఏవేవో మాట్లాడుకున్నారు. అతను వెళ్ళాక చూసుకుంటే, టార్చి వెలుగుతూ ఆమె చేతిలోనే ఉంది.

ఆదివారం క్లినిక్కి సెలవు. ఆలస్యంగా లేచి వంటింట్లోకి వచ్చేసరికి తాతయ్య చొక్కా చేతులు పైకి మడిచి సింకు ముందు నిలబడి ఉన్నాడు. హోటల్ వంటగదిలో జీవితమంతా గడిపిన మనిషి. గ్లాసులూ పళ్ళాలూ ఒక్కొక్కటీ నీళ్ళ కింద పెట్టి కడిగి మరీ మిషనులో సర్దుతున్నాడు.

"ఏంటి తాతయ్యా ఇది?"

"ఏంటంటావేంటే? ఎంగిలి గిన్నెలు అలాగే పడేస్తే పరువేం కావాలి? పైపైన కడిగి పెడుతున్నా."

"రోజూనా?"

"మరి? నువ్వలా క్లినిక్కి వెళ్ళగానే ఇదే నా మొదటి పని!"

ఆమెకి విషయం అర్థమైపోయింది. తాతయ్య ధర్మమా అని మిషనుకి నీళ్ళు శుభ్రంగా కనిపిస్తున్నాయి. పనేం లేదనుకుని అది తొందరగా దుకాణం కట్టేస్తోంది. పైమురికి తాతయ్య వదిలిస్తున్నాడు గానీ, అడుగున ఎండిపోయిన పాలు అలాగే ఉండిపోతున్నాయి. మెకానిక్ వచ్చే వేళకి తాతయ్య మధ్యాహ్నం నిద్రలో ఉంటాడు కాబట్టి ఇది అతని కంటపడలేదు.

తాతయ్యకి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెబితే మిషను బాగుపడుతుంది. మిషను బాగుపడితే అతను ఇంకెందుకొస్తాడు? తప్పని తెలిసే, సిగ్గు లేకుండా మూడో కంప్లయింట్ ఇచ్చేసింది.

ఈసారి అతని మొహంలో నవ్వు లేదు. వస్తూనే నేల మీద కూర్చుని మిషను విప్పడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అంది.

"మూడుసార్లు ఒకే కంప్లయింట్ వస్తే పనిలోంచి తీసేస్తారండీ. నన్నింకా పర్మనెంట్ కూడా చెయ్యలేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు." స్క్రూ తిప్పుతూ మెల్లగా అన్నాడు, "నాకసలు పని రాదేమో."

ఆ మాటకి ఆమె ప్రాణం ఉసూరుమంది.

"మీ పొరపాటేం లేదు. తాతయ్య ముందే అన్నీ కడిగి పెడుతున్నాడు. అందుకే ఇదంతా. నాకు... నాకు ఆదివారమే తెలిసింది."

అతని చెయ్యి ఆగిపోయింది. "తెలిసీ కంప్లయింట్ ఇచ్చారా?"

ఆమె తలెత్తలేకపోయింది. అంతలో అతని ఫోన్ మోగింది. వాళ్ళ సూపర్‌వైజరు. ఆమె ఫోన్ లాక్కున్నంత పని చేసి, స్పీకరు పెట్టి, జరిగింది చెప్పింది.

"మా వాడు బతిమాలితే ఇలా చెబుతున్నారు కదమ్మా?" అన్నాడాయన. "ఇలాంటివి చాలా చూశాను. తప్పు మీ ఇంట్లోనే ఉందని తెలిస్తే మళ్ళీ కంప్లయింట్ ఎందుకిచ్చారు? కారణం చెప్పండి. లేకపోతే నేను నమ్మను."

పొద్దస్తమానం అందరినీ నోరు తెరవమనే డాక్టరమ్మకి నోరు పెగల్లేదు. మాటలకి నిద్ర లేచి తాతయ్య గుమ్మంలోకి వచ్చాడు. మెకానిక్ కింద కూర్చునే ఆమె వైపు చూస్తున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇతని ఉద్యోగం పోతుంది.

"మళ్ళీ చూడాలనిపించిందండీ."

"మిషన్నా?"

"మీ మెకానిక్‌ని."

తాతయ్య కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

"ఓరి నాయనో! ఇంతకీ నన్ను గిన్నెలు కడగమంటారా, మానమంటారా?"

సూపర్‌వైజరు దగ్గాడు. "అయితే... మావాడి పనిలో లోపం లేదంటారు."

"ఏ లోపమూ లేదండీ."

"సరే. ఏవయ్యా, వింటున్నావా? నీ ఉద్యోగానికేం ఢోకా లేదులే. ఇంకేమైనా చెప్పేదుందా?"

అతను లేచాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఆమె దగ్గరికొచ్చి ఫోన్ అందుకున్నాడు. చూపు మాత్రం ఆమె మీదే ఉంది.

"ఉంది సార్. కానీ మీకు కాదు," అని ఫోన్ పెట్టేశాడు.