మేస్త్రి చూడని మంట

తెల్లారగానే గని మేస్త్రి చేసే మొదటి పని, అలమారలోని బొగ్గుముక్కను మెత్తటి గుడ్డతో తుడవడం. ఉద్యోగంలో చేరి గనిలోకి దిగిన మొదటి రోజున తెచ్చుకున్న ముక్క అది. రిటైరయ్యాక కూడా దాని నిగనిగ తగ్గనివ్వలేదు. ఆ రోజు పొద్దున గుడ్డ ఉంది, ముక్క లేదు.

"ఏమే! నా బొగ్గేది?"

"నిన్ననే అమ్మాయికిచ్చానండీ, కాల్చి చూడమని," అంది భార్య వంటింట్లోంచి, అదేదో చొక్కా ఇస్త్రీకి ఇచ్చినట్టు.

కూతురు కరెంటు ప్లాంటులో కెమిస్టు. వచ్చిన బొగ్గును కాల్చి, ఎంత మండుతుందో, ఎంత బూడిద మిగులుతుందో చెప్పడం ఆమె పని. మన గనుల బొగ్గులో బూడిద ఎక్కువని ఆమె పైవాళ్లకు చెప్పిందట. ఆ సంగతి పాత స్నేహితుల నోట విన్న దగ్గర్నుంచి మేస్త్రి కూతురితో మాటలు మానేశాడు. ఏం చెప్పాలన్నా "నీ కూతురికి చెప్పు" అని భార్య మీదుగానే.

భార్యకు ఈ రాయబారం విసుగెత్తింది. పైగా ఏదైనా సంగతి తేలేదాకా ఆవిడకు నిద్ర పట్టదు. మిక్సీ ఎలా తిరుగుతుందో చూద్దామని విప్పి, మళ్లీ బిగించలేక సంచిలో వేసుకుని రిపేరు షాపుకు పరిగెత్తిన మనిషి. తండ్రీ కూతుళ్లలో ఎవరి మాట నిజమో తేల్చాలనే ముక్కను కూతురి బ్యాగులో పెట్టింది.

కూతురు గదిలోంచి వచ్చి, బొగ్గుముక్కా, పక్కన చిన్న సీసాలో బూడిదా బల్లమీద పెట్టింది.

"మూలన కాస్త గీకానంతే నాన్నా."

మేస్త్రి ముఖం ఎర్రబడింది. "నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనని తేల్చిందన్నమాట. సంతోషమని నీ కూతురికి చెప్పు!"

"ఎదురుగానే ఉందిగా, మీరే చెప్పుకోండి," అంది భార్య.

"బూడిద ఉంది నాన్నా. మూడో వంతు పైనే. లేదని అబద్ధమాడితే బాయిలర్ గొట్టాలు అరిగిపోతాయి, చుట్టుపక్కల ఇళ్లమీద దుమ్ము పడుతుంది. ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలదా?"

"అయితే పరాయి బొగ్గే తెప్పించుకోమను, ఓడల్లో!"

"ఆ ఓడ రాకపోతే ఆస్పత్రుల్లో దీపాలెలా వెలుగుతాయి? మన బొగ్గు వద్దని నేనెప్పుడన్నాను? గని దగ్గరే కడిగి, రాయీ మట్టీ తీసి పంపమన్నాను. నీ స్నేహితులు సగమే చెప్పారు."

మేస్త్రి బూడిద సీసాను పక్కకు నెట్టాడు. భార్య మాత్రం ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తోంది.

"ఇది మొత్తం కాలిస్తే ఏమొస్తుందే?"

"మన ఫ్యాను రాత్రంతా తిరుగుతుందమ్మా."

మేస్త్రి తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.

"మన బొగ్గు మండితే ఎలా ఉంటుంది?" అన్నాడు మెల్లగా, కూతురితోనే.

"అదేంటండీ, మీకు తెలీదూ?"

"గనిలో అగ్గిపుల్ల గీయనివ్వరు. ఇంట్లో అప్పుడు కట్టెల పొయ్యి, ఇప్పుడు గ్యాసు. తవ్వి పైకి పంపడమేగానీ, నా బొగ్గు మండగా నేనెప్పుడు చూశానే?"

కూతురి కళ్లు నిండాయి. తండ్రి గని బొగ్గు మండడం రోజూ చూసే తనకు, ఆయన్ని ఒక్కసారైనా తీసుకెళ్లాలని తోచలేదు.

సెలవు రోజున అనుమతి తీసుకుని ఇద్దరినీ ప్లాంటుకు తీసుకెళ్లింది. బాయిలర్ గోడకున్న చిన్న కిటికీ దగ్గర మంట వెలుగుకు కళ్లు చెదరకుండా తండ్రి చేతికి నీలి అద్దం ఇచ్చింది. మేస్త్రి వంగి చూశాడు. లోపల మంట హోరెత్తుతోంది.

"ఏమండీ, నన్నూ చూడనివ్వండి," అంటూ భార్య ఆయన చొక్కా పట్టి లాగింది. ఆయన కదల్లేదు.

చివరికి ఇటు తిరిగి, తడిసిన ముఖంతోనే అద్దాన్ని భార్యకిచ్చాడు.

"అమ్మలూ," అన్నాడు కూతురి చెయ్యి పట్టుకుని, "ఈసారి పైవాళ్లకు ఆ బొగ్గు కడగమన్న మాట చెప్పేటప్పుడు నన్నూ తీసుకెళ్లు. మేస్త్రి కూడా అదే అంటున్నాడని చెబుతాను."