మూడువేల ఎనిమిదివందల యాభై కిలోలు

అలివేలుమంగను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె వానలో నిలబడి నా బండిని తన్నుతోంది.

"నా బండి" అనడం నిజానికి అబద్ధం. అప్పటికి అది ట్రియర్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉండే ముసలావిడది. మోటర్‌హోమ్. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, అగ్గిపెట్టెంత బాత్రూం. భర్త పోయాక ఆవిడ దాన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టింది. నేను డ్యూసెల్‌డార్ఫ్ నుంచి రెండు ట్రైన్లు మారి, గొడుగు ఒకదాంట్లో మర్చిపోయి, తడుచుకుంటూ వచ్చాను.

"ఎవర్తో ఒకామె నా బండిని తంతున్నదిరా," అన్నాను ఫోన్లో రూమ్మేట్‌తో.

ఆమె తల తిప్పింది. "ఎవర్తో కాదండీ. అలివేలుమంగ. కాకినాడ. తన్నట్లేదు, టైర్లలో గాలి చూస్తున్నా. ఇంతకీ బండి మీదెప్పుడైంది?"

నా మొహం మాడిపోయింది. "పదకొండింటికి రమ్మని నాకు టెర్మిన్ ఇచ్చిందండీ ఆమె."

"నాకూ పదకొండింటికే. నేను పదింపావుకే వచ్చాను."

"ముందొస్తే బండి ఇస్తరా ఏంది? సినిమా టికెట్టా?"

"బేరం ముందు నేనే ఆడతాను. మీరు ఆ చెట్టు కింద నిలబడండి, జలుబు చేస్తుంది."

తలుపు తీసిన ముసలావిడ మా ఇద్దర్నీ చూసి, మొగుడూ పెళ్ళాలం అనుకుని, లోపలికి పిలిచి కేకు పెట్టింది. కాదని మూడుసార్లు చెప్పాం. నమ్మలేదు. ధర విన్నాక ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి, ఎవరికి వాళ్ళం కొనగలిగేది కాదది. స్టేషన్‌కి ఆమె గొడుగు కిందే నడిచాం. నా ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిశాయి. ట్రైన్ వచ్చేలోపు సగం సగం పెట్టి కొనాలని తేల్చేశాం.

జర్మనీలో మంగ ఆరేళ్ళుగా యాక్సిడెంట్ లేకుండా కారు నడిపింది కాబట్టి ఆమె పేరు మీదైతే ఇన్సూరెన్స్ తగ్గుతుందన్నారు. రిజిస్ట్రేషన్ ఆమె పేరునే చేయించాం. "పేరు నాది, బండి మనది," అంది. ఆ "మనది" అన్న మాట పట్టుకుని నేను వారం రోజులు నిద్రపోలేదు.

మంగ జార్‌బ్రూకెన్‌లో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో ఉండిపోయింది. అందరు ఐటీ వాళ్ళలాంటిది కాదు. వాళ్ళ శివారు ఊరి ఫైర్ బ్రిగేడ్‌లో వలంటీరు. ఊరి వాళ్ళే డబ్బు కట్టి ఆమెకు C1 లైసెన్స్ ఇప్పించారు. ఏడున్నర టన్నుల వరకూ ఏ బండైనా నడపొచ్చు. అన్నం ముందు కూర్చున్నా సరే, ఫోన్లో అలారం మోగితే చేయి కడుక్కుని పరుగు.

"మంటలార్పనీకె పోతున్నవా, పేరంటానికి పోతున్నవా? ఆ నవ్వేంది?" అని ఏడిపించేవాణ్ణి.

"బండి నేను తీస్తేనే కదా మిగతా వాళ్ళు కదిలేది," అనేది జడ ముడేసుకుంటూ.

ఆ మాట అనేటప్పుడు ఆమె ఎంత అందంగా ఉండేదో నాకు చెప్పడం రాదు. నేను ప్రేమలో పడింది అప్పుడే.

నా సంగతి వేరు. నా దగ్గరున్నది కార్లు నడిపే మామూలు B లైసెన్స్. అది కూడా రెండుసార్లు ఫెయిలై మూడోసారి తెచ్చుకున్నది. మొదటిసారి భుజం మీదుగా వెనక్కి చూడలేదన్నారు. రెండోసారి సైకిల్ మనిషికి దారివ్వలేదన్నారు. ఎవరైనా అడిగితే ఒక్కసారే పాసయ్యానని చెప్పేవాణ్ణి.

ఏడాది తిరిగాక మంగ వాళ్ళ అమ్మానాన్నలకు వీసా వచ్చింది. కాబోయే అల్లుడని నన్ను చూడడానికే వస్తున్నారు. నలుగురం కలిసి ఆ బండిలో బోడెన్‌సే సరస్సు దాకా వెళ్దామని ప్లాన్.

"ముందు తూకం వేయిద్దాం," అంది మంగ.

"బండికి తూకమేంది, బియ్యం బస్తానా?"

"మా అమ్మ ప్యాకింగ్ నువ్వు చూళ్ళేదు."

కంకర అమ్మే యార్డులో లారీలు తూచే కాటా మీదికి ఎక్కించాం. ట్యాంకులో నీళ్ళు, గ్యాసు, మేమిద్దరం, ఆమె వదిలిపెట్టనన్న గ్రైండరు కలిపి మూడువేల నాలుగువందల పది. బండికి చట్టం ఒప్పుకున్న బరువు మూడువేల ఐదువందలు. ఇంకో ఇద్దరు మనుషులు, నాలుగు సూట్‌కేసులు, ఊరగాయలు ఎక్కితే దాటిపోతుంది. పోలీసులు పట్టుకుంటే సామాను రోడ్డు మీద దింపేయమంటారు.

దానికో మార్గం ఉంది. ఆఫ్లాస్టుంగ్ అంటారు. బండి మోయొచ్చని కాగితాల్లో ఉన్న బరువు పెంచుకోవడం. ఒక ముసలి మెకానిక్ వెనక చక్రాల దగ్గర గాలి స్ప్రింగులు బిగించాడు. ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టాడు. ఆఫీసులో కొత్త కాగితం ఇచ్చారు. మూడువేల ఎనిమిదివందల యాభై కిలోలు.

"ఇక మీ అత్తగారిని కూడా ఎక్కించుకోవచ్చు," అని జోకేశాడు మెకానిక్. ఆయన కాలం నాటి లైసెన్సుతో ఏడున్నర టన్నులూ నడపొచ్చు. కాబట్టి కొత్త లైసెన్సుల సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

మంగకు మాత్రం గుర్తుంది. ఇంటికొచ్చే దారిలో చెప్పింది.

"సుమంత్, ఒకటి చెప్పనా? ఇవాళ్టి నుంచి నువ్వీ బండి నడపకూడదు. B మీద మూడున్నర టన్నుల దాకానే. కాగితం మీద ఎంతుంటే అంతే లెక్క, బండి ఖాళీగా ఉన్నా సరే."

"అయితే నువ్వే నా డ్రైవర్వి."

"జోకు కాదు. లైసెన్స్ లేకుండా నడిపినట్టే, క్రిమినల్ కేసు. నువ్వు కూడా C1 లో చేరు."

"చేరుతా, చేరుతా."

ప్రయాణానికి నాలుగు నెలల ముందు అన్నాను ఆ మాట. తరవాత ఎప్పుడడిగినా డ్రైవింగ్ స్కూల్లో టెర్మిన్ దొరకలేదన్నాను. అసలు ఫోనే చేయలేదు. మంగ ఒకేసారి పాసైన పరీక్షలో నేను మళ్ళీ ఫెయిలైతే ఎలా అన్నదే నా భయం.

మంగ వాళ్ళ నాన్న వాసుదేవరావు గారు రిటైర్డ్ ఇంజనీరు. నవ్వుతూ నవ్వుతూనే మనిషిని తూచేస్తారు. వాళ్ళమ్మ సీతారత్నం గారు తక్కువ మాట్లాడతారు. మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. మంగ నడుపుతుంటే నేను పక్కన కూర్చుని దారి చెప్పాను, పాటలు పెట్టాను, చిప్స్ పాకెట్లు విప్పాను.

మూడోరోజు మధ్యాహ్నం హైవే పక్కన బల్ల మీద పులిహోర తింటున్నాం. వాసుదేవరావు గారు చేయి కడుక్కుంటూ అన్నారు.

"ఏమయ్యా సుమంతూ, బండి ఇద్దరిదీ అన్నారు. మూడ్రోజుల్నించీ చూస్తున్నా, అమ్మాయే లాగుతోంది. నువ్వు చిప్స్ విప్పడానికేనేంటి?"

అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

"నాకు లైసెన్స్ లేదంకుల్, మంగకే ఉంది" అంటే అయిపోయేది. ఆ ఒక్క వాక్యం నా నోట్లోంచి రాలేదు.

"ఇప్పుడు నేనే నడుపుతా అంకుల్. మంగ అలిసిపోయింది కదా," అన్నాను. బల్ల మీది తాళాలు తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఆయన ఉత్సాహంగా పక్క సీట్లోకి ఎక్కారు.

మంగ నా కిటికీ దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించి, "దిగు," అంది.

"ఇరవై కిలోమీటర్లే."

"సుమంత్, దిగమంటున్నా."

"మీ నాన్న చూస్తుండు మంగా. ఆయన ముందు నా ఇజ్జత్ తీయకు. ఒక్కసారి, ప్లీజ్."

ఆమె నా వైపు చూసింది. నా పక్కన సీటు బెల్టు పెట్టుకుంటూ ఈల వేస్తున్న వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆ తరవాత బండి చుట్టూ తిరిగి వెళ్ళి, పక్క తలుపు తీసి, వెనక వాళ్ళమ్మ దగ్గర కూర్చుంది.

నేను గెలిచాననుకున్నాను. ఇంకా సిగ్గుమాలిన విషయం ఏమిటంటే, నా మీద ఆమెకు ఎంత ప్రేమో అని మురిసిపోయాను.

పది కిలోమీటర్లు వెళ్ళామో లేదో, పసుపు జాకెట్ వేసుకున్న ఒక పోలీసమ్మాయి చేయెత్తి మమ్మల్ని పార్కింగ్‌లోకి తిప్పింది. ఎండాకాలం కదా, మోటర్‌హోములన్నీ ఆపి తూస్తున్నారు. చక్రాల కింద పలకలు పెట్టారు. మూడువేల ఆరువందల ఎనభై.

ఆమె కాగితం చూసింది. "మూడువేల ఎనిమిదివందల యాభై దాకా ఉందా? సూపర్. పొద్దుట్నుంచి పాసైన మొదటి బండి మీదే," అంది జర్మన్‌లో. నేను తర్జుమా చేసి చెప్పాను.

"చూశావటే అమ్మాయ్, కుర్రాడు ఎంత పక్కాగా ఉన్నాడో!" అన్నారు వాసుదేవరావు గారు వెనక్కి తిరిగి.

"లైసెన్స్ చూపిస్తారా?" అంది ఆ అమ్మాయి.

ఇచ్చాను. ముందు వైపు చూసింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"బండి ఎవరి పేరు మీద ఉంది?"

వెనక నుంచి మంగ చేయెత్తింది.

"ఇతనికి ఈ బండి నడిపే లైసెన్స్ లేదని మీకు తెలుసా?"

"తెల్వదని చెప్పు మంగా," అన్నాను తెలుగులో, తల తిప్పకుండా.

"తెలుసు," అంది మంగ జర్మన్‌లో.

"ఏవంటోందమ్మా ఆ పిల్ల?" అని అడిగారు వాళ్ళ నాన్న. మంగ తన లైసెన్స్ తీసి ఆ అమ్మాయికి చూపించింది.

అక్కణ్ణుంచి మంగే నడిపింది. సరస్సు చూశాం, ఫోటోలు దిగాం. ఏ ఫోటోలోనూ మంగ నా పక్కన లేదు.

నెలలోపు ఉత్తరాలొచ్చాయి. నడిపినందుకు నా మీద కేసు, తెలిసి నడపనిచ్చినందుకు ఆమె మీద కేసు. నాకు ఫైన్‌తో పోతుందని లాయరు చెప్పాడు. మంగకు ఇంకో ఉత్తరం వచ్చింది. పరీక్ష రాసి, కాగితాలన్నీ ఇచ్చి, ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్న జర్మన్ పౌరసత్వాన్ని ఈ కేసు తేలేదాకా ఆపేశామని. ఫైర్ బ్రిగేడ్ పెద్దాయన కూడా ఇంటికొచ్చి, ఎంతో మర్యాదగా, కొన్నాళ్ళు ఫైరింజన్ తాళాలు ముట్టుకోవద్దన్నాడు.

ఒక ఆదివారం నేను జార్‌బ్రూకెన్‌లో ఉండగానే అలారం మోగింది. మంగ పరుగెత్తింది. రెండు గంటలకు తిరిగొచ్చి బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"బండి తీసే మనిషి లేక ఏడు నిమిషాలు ఆగాం," అంది.

"ఎవరి ఇల్లు?"

"గ్యారేజీ. లోపల ఎవరూ లేరు. ఉండుంటే?"

నేను ఏదో ఒకటి అనాలని, "ఫైన్ నీది కూడా నేనే కడతా కదా మంగా, ఎందుకంత ఫీలైతవు?" అన్నాను.

ఆమె లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

వాళ్ళ అమ్మానాన్నలు తిరిగి వెళ్ళే రోజు ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్ళాను. అప్పటికి ఆయనకు అన్నీ తెలుసు. సామాను ఇచ్చేసి వచ్చాక నా భుజం మీద చేయి వేశారు.

"జరిగిందేదో జరిగిపోయింది. మగాడన్నాక కాస్త పౌరుషం ఉంటుంది. మాకు కుర్రాడు నచ్చాడు. వెళ్ళగానే మీ వాళ్ళతో మాట్లాడి, మాఘంలో ముహూర్తాలు పెట్టిస్తాను."

సీతారత్నం గారు కూతురి మొహమే చూస్తున్నారు. నేను ఆయన కాళ్ళకు దండం పెట్టాను. ఆ సంతోషంలో నోరు ఊరుకోలేదు.

"రూల్ కూడా మారబోతున్నదట అంకుల్. కొన్నేళ్ళల్ల చిన్న ట్రైనింగు తీసుకుంటే, మామూలు లైసెన్స్ మీదనే ఇట్లాంటి బండి నడపొచ్చట."

"మరింకేం! అంత పెద్ద తప్పేం కాదన్నమాట."

"నాన్నా," అంది మంగ. "నువ్వు ఒప్పుకున్నావు. సంతోషం. నేను ఒప్పుకోవట్లేదు."

"అదేంటే? ఆ కేసుల గురించా? అవి పోతాయే..."

"కేసు పోతుంది. కాగితాలు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. వాటి గురించి కాదు." ఆమె నా వైపు తిరిగింది. "ఆరోజు నేను రెండుసార్లు దిగమన్నాను. నీకు వినపడింది. నేను నోరు మూసుకుని వెళ్ళి వెనక కూర్చున్నాను. నీ మీద కన్నా నా మీదే నాకు కోపం ఎక్కువ. నువ్వంటే నాకు చాలా ఇష్టం సుమంత్, ఇప్పటికీ. అందుకే భయం. నిన్ను చేసుకుంటే మళ్ళీ కూర్చుంటాను."



"బండి నువ్వే ఉంచుకో. C1 తెచ్చుకున్నాక," అంది.

సారీ అనాల్సింది అప్పుడే. ఇన్ని వారాల్లో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదని అప్పుడే తెలిసింది. అందామని నోరు తెరిచాను కూడా. కానీ నా కళ్ళు ముందు వాసుదేవరావు గారి వైపు వెళ్ళాయి, ఆయన నా గురించి ఏమనుకుంటున్నారో చూద్దామని.

మంగ అది చూసింది.