ఓడేదాకా పేరు అడగకూడదు

"లేవండి. అది నా చోటు."

ఆ వరసలో ఆ రోజే మొదటిసారి కూర్చున్న మిల్టన్ తలెత్తి చూశాడు. ఎవరో అమ్మాయి. చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకు టీ తాగే సొరబుర్ర, అందులో పీల్చే గొట్టం, జుట్టు నిండా వాన తుంపర.

"పేరేమైనా రాసుందా ఇక్కడ?"

"రాసుంది. కాస్త జరిగితే కనిపిస్తుంది."

జరిగాడు. చెక్క మీద మేకుతో గీసిన అక్షరాలు: ఒర్లాందో.

"మీ పేరు ఒర్లాందోనా?"

"మా నాన్న పేరు. ముప్పై ఏళ్ళు ఈ పలక మీదే కూర్చున్నాడు. మొన్న ఏప్రిల్లో పోయాడు. ఇంకేమైనా సాక్ష్యం కావాలా?"

మిల్టన్ జానెడు జరిగాడు.

"ఇంకో జానెడు," అంది ఆ అమ్మాయి.

పార్కే లూసిచ్ స్టేడియంలో కుర్చీలుండవు. ఉరుగ్వేలో మాంటివిడియో రేవులో మూటలు మోసేవాళ్ళు 1928లో ఓడ సరుకుల పెట్టెలు విప్పి, ఆ చెక్కతో కట్టుకున్న గ్యాలరీ అది. కొన్ని పలకల అడుగున పాత ముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి. పలకల మధ్య సందులు. పిల్లల చెప్పు ఒకటి కిందికి జారిందంటే ఇంక దొరకదు. లైట్లు లేవు కాబట్టి ఎంత పెద్ద మ్యాచైనా పొద్దు గూకకముందే అయిపోవాలి. అత్లేతికో ఎస్తీబా ఫుట్‌బాల్ జట్టు పుట్టినప్పటి నుంచి దాని సొంతిల్లు ఇదే.

ఆ రోజు, అక్కడ చలికాలమైన ఆగస్టులో, సీజన్ రెండో సగం షెడ్యూల్లో మొదటి మ్యాచ్. ఎస్తీబా అప్పటికి వరసగా ఆరు ఓడి, పట్టికలో అట్టడుగున ఉంది. ఎనభై ఎనిమిదో నిమిషంలో గోల్ పడింది, అదీ మనవాళ్ళదే. ఆ అమ్మాయి ఎగిరి గంతేసి, ఏం చేస్తోందో తెలియకుండా చేతిలో మాతే బుర్ర మిల్టన్ చేతిలో పెట్టేసింది. అతనూ తెలియకుండానే ఆ గొట్టంతోనే పీల్చేశాడు. నాలుక కాలింది.

ఆట అయ్యాక వెనక వరస నుంచి ఒక ముసలాయన వంగి ఇద్దరి భుజాల మీదా చేతులేశాడు. దోన్ అనీబల్. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆ వరసలో ఆయన మాటే చట్టం.

"కదలకండి. మొదట్నుంచీ చెప్పండి. పోట్లాడుకున్నారు, అవునా?"

"అవును," అన్నాడు మిల్టన్.

"ఎంత జరిగావు?"

"రెండు జానలు."

"ఎనభై ఎనిమిదో నిమిషంలో మాతే ఇచ్చింది. మంచిది. పేర్లు అడుక్కున్నారా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "లేదు."

"అడక్కండి. ఓడేదాకా అడక్కూడదు. పేరూ, ఊరూ, ఇల్లూ, ఏదీ!"

దాన్ని అక్కడ కాబలా అంటారు. గెలిచిన రోజు ఎవరెలా ఉన్నారో ఓడేదాకా అలాగే ఉండాలి. మూడో వరసలో ఒకాయన పంటి నొప్పితో వచ్చిన రోజు జట్టు గెలిచిందని ఐదు వారాలు ఆ పన్ను పీకించుకోలేదు. బుగ్గ బూరెలా వాచినా ఒక్కరూ జాలిపడలేదు, పైగా మెచ్చుకున్నారు. కాబట్టి మిల్టన్ ఎదురు చెప్పలేదు. ఆ అమ్మాయి అసలే చెప్పలేదు.

పదిహేను రోజులకొక ఆదివారం సొంత గ్రౌండులో మ్యాచ్. మిల్టన్ సిటీ బస్సులో కండక్టరు. షెడ్యూలు ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని, సొంత మ్యాచులన్నిటికీ ఎర్ర గీత గీసి, ఆ రోజుల డ్యూటీ తోటివాళ్ళతో మార్చుకునేవాడు. మునుపూ అలాగే మార్చుకునేవాడు గానీ, అప్పుడు జట్టు కోసం.

"లేవండి. అది నా చోటు."

"పేరేమైనా రాసుందా?"

ప్రతిసారీ అదే పోట్లాట. ఒక్క మాట తప్పినా వెనక నుంచి దోన్ అనీబల్ అందించేవాడు. "ఒరే కండక్టరూ, 'ఇక్కడ' అనడం మర్చిపోయావు. మళ్ళీ మొదలెట్టు!"

ఎస్తీబా ఇంట్లో పులి, వీధిలో పిల్లి అయింది. సొంత గ్రౌండులో గెలుపు, బయటికెళ్తే ఓటమి. బయట ఓడింది కాబలా లెక్కలోకి రాదని దోన్ అనీబల్ తీర్పు. మూడో మ్యాచ్ నాటికి ఆ అమ్మాయి మాతేలో చక్కెర వేసుకోదని మిల్టన్‌కి తెలిసింది. నాలుగో మ్యాచ్ నాటికి తుమ్మితే వరసగా మూడు తుమ్ముతుందనీ, స్వెట్టర్ చేతికి ఎప్పుడూ దారప్పోగులు అంటుకుని ఉంటాయి కాబట్టి కుట్టుపని చేస్తుందనీ తెలిసింది. పేరు తెలియదు. ఎక్కడుంటుందో తెలియదు. ఇంటి దగ్గర ఎవరున్నారో అసలే తెలియదు.

ఐదో మ్యాచ్‌లో అవతలి వాళ్ళకి పెనాల్టీ దొరికింది. పడితే పడనీలే, ఓడితే పేరడగొచ్చు కదా అని మిల్టన్ మనసులో ఒక మాట మెదిలింది. వెంటనే చెంపలేసుకున్నాడు. మన గోల్‌కీపర్ ఆపేశాడు. మిల్టన్ అందరికంటే గట్టిగా అరిచి, అందరికంటే దిగులుగా కూర్చున్నాడు.

"ఏమైంది? పట్టుకున్నాడుగా," అంది ఆ అమ్మాయి.

"అదే. పట్టుకున్నాడు."

ఆమె నవ్వాపుకుని మాతే పోసింది.

ఏడోది సీజన్లో చివరి మ్యాచ్. గెలిస్తే మొదటి డివిజన్లో ఉంటారు, లేకపోతే కిందికి పోతారు. ఎటైనా సరే, ఆ తర్వాత మూణ్ణెల్లు మ్యాచుల్లేవు. మూణ్ణెల్లు ఆ అమ్మాయిని ఎక్కడని వెతకాలి? ఊళ్ళో ఉన్న కుట్టుపని కార్ఖానాలన్నీ తిరగాలా? చివరి విజిల్ ఊదగానే గెలుపైనా ఓటమైనా పేరడిగి తీరాలని మిల్టన్ గట్టిగా అనుకున్నాడు.

ఆ ఆదివారం కుండపోత. గ్రౌండు చెరువైంది. మ్యాచ్ బుధవారం నాలుగింటికి మార్చామని రేడియోలో చెప్పారు.

బుధవారం ఇంకా తుంపర పడుతూనే ఉంది. ఆ అమ్మాయి వచ్చింది. చంకలో ఫ్లాస్కు లేదు. ఆ చంకలో నాలుగేళ్ళ పాప ఉంది. మెట్టు మెట్టుకీ పలకల సందులు చూసుకుంటూ, పాప నడుం చుట్టూ చెయ్యి బిగించి ఎక్కింది.

"లేవండి," అంది. "అది నా చోటు."

"పేరేమైనా రాసుం..." మిల్టన్ ఆగిపోయాడు.

వరసంతా పాపనే చూస్తోంది.

"మా అమ్మ బడిలో ఊడుస్తుంది, బుధవారం సెలవివ్వరు," అందామె ఎవరినీ చూడకుండా. "దీన్ని ఎవరి దగ్గరా వదల్లేను. రాకుండా ఉంటే మీరు చంపేస్తారు."

"ఒర్లాందోకి మనవరాలా!" అన్నాడు దోన్ అనీబల్. "ముప్పై ఏళ్ళు నా ముందే కూర్చున్నాడు, ఆఫ్‌సైడ్ గురించి తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు!"

పాప మిల్టన్‌ని ఎగాదిగా చూసింది. "నీ పేరేంటి?"

గ్యాలరీలో ఎవరో 'అయ్యో' అన్నారు.

"నీకు పేరు లేదా?"

"ఉంది."

"మరి చెప్పు."

మిల్టన్ వెనక్కి చూశాడు. దోన్ అనీబల్ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాడు. పసిపిల్ల అడిగితే పేరు చెప్పకుండా ఎలా ఉంటారు?

"మిల్టన్."

"నా పేరు పిలార్. మా అమ్మ పేరు ఫియొరెల్లా."

ఏడు మ్యాచులు మోసిన బరువు రెండు ముక్కల్లో తేలిపోయింది. ఫియొరెల్లా అతని మొహం వైపు చూసింది. బస్సులో రోజూ వందలమందిని 'ఎక్కడికి' అని అడిగే ఆ నోరు అప్పుడే మూతపడింది. అమ్మ సరే, నాన్న ఎక్కడ? ఉన్నాడా? ఆదివారాలు ఇంటి దగ్గర కూర్చుని రేడియోలో మ్యాచ్ వింటున్నాడా? మిల్టన్ బుర్రలో అదొక్కటే తిరుగుతోంది. ఆమెకి కనిపించింది మాత్రం ఒక మగాడి మౌనం. అలాంటి మౌనం ఆమె ఇదివరకు చూసింది. మొహం తిప్పుకుని పాప టోపీ సర్దింది.

పదకొండో నిమిషంలో అవతలి వాళ్ళు గోల్ కొట్టారు.

"చెప్పానా!" అన్నాడు దోన్ అనీబల్.

సగం ఆట అయ్యేసరికి సున్నా-ఒకటి. దోన్ అనీబల్ దగ్గాడు. "అమ్మా, కోపం తెచ్చుకోకు. పిల్ల బంగారం. కానీ ఈ ఒక్క సగం..."

"తెలుసు తాతా. వెళ్తున్నాం."

ఆమె లేచింది. మిల్టన్ అలాగే కూర్చున్నాడు. తొమ్మిదో ఏట నుంచి అతను ఒక్క మ్యాచ్ మధ్యలోనూ లేచి వెళ్ళలేదు. వాళ్ళమ్మకి ఆపరేషన్ అయిన రోజు కూడా చివరి విజిల్ దాకా ఉండి వెళ్ళాడు, ఆ మాట ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. పలక మీద ఖాళీ అయిన చోటు చూశాడు. రెండో సగానికి ఆటగాళ్ళు వస్తున్నారు. లేచాడు.

"ఒరే కండక్టరూ! నువ్వెక్కడికి?"

"బయటికి."

"మతి పోయిందా! ఆట మొదలవుతోంది!"

గేటు దగ్గర మనిషి కూడా అదే అడిగాడు. "వెళ్తే మళ్ళీ రానివ్వను, ముందే చెప్తున్నా."

"సరే."

బయట గోడ పక్కన ఎల్బా అనే ఆవిడ తిండి బండి. వానొస్తే ఊరంతా తినే తోర్తా రొట్టెలు నూనెలో పొంగుతున్నాయి. పరదా కింద పిలార్ ఒకటి తింటోంది. ఫియొరెల్లా అతన్ని చూసి నమ్మలేకపోయింది.

"నువ్వెందుకొచ్చావు? ఓడిపోతున్నాంగా!"

"అందుకే. ఇప్పుడు అడగొచ్చు." ఊపిరి తీసుకున్నాడు. "పాప వాళ్ళ నాన్న..."

"ఎక్కడో సరిహద్దులో, రివేరాలో ఉన్నాడు. ఇది ఆరు నెలల పిల్లప్పుడు వెళ్ళాడు. రెండు పుట్టినరోజులకి ఫోన్ చేశాడు, తర్వాత అదీ లేదు."

"అయితే లేడన్నమాట."

"సంతోషంగా చెప్తున్నావేంటి?"

"ఇందాక పైన నోరు పడిపోయింది అందుకే. ఉన్నాడేమోనని."

ఆమె పరదా అంచు నుంచి కారుతున్న నీళ్ళు పడకుండా పాపని ఇవతలికి జరిపింది. "నాకు ఆ కాబలా నచ్చింది," అంది. "నువ్వు అడక్కూడదు, నేను చెప్పక్కర్లేదు. చెప్పిన రోజు రెండు జానలు కాదు, రెండు వరసలు జరుగుతావనుకున్నా."

"నేను గేటు దాటొచ్చాను. మళ్ళీ లోపలికి రానివ్వరు. తెలుసా?"

"చూశాను."

"ఇంకెలా చెప్పమంటావు ఫియొరెల్లా?"

ఆ పేరు అతని నోట మొదటిసారి. ఆమె ఏదో అనబోయింది. అంతలో గోడ అవతల గ్యాలరీ చెక్కలన్నీ ఒక్కసారి దడదడలాడాయి. గోల్! మిల్టన్ గోడకేసి పరిగెత్తాడు, ఏముంది, గోడే. ఒకటి-ఒకటి.

పైన గోడ అంచు మీదుగా దోన్ అనీబల్ తల కనిపించింది.

"అక్కడే ఉండండి! కదిలారంటే ఊరుకోను! పిల్ల ఏం తింటోంది?"

"తోర్తా!"

"ఎన్నోది?"

"రెండోది!"

"మూడోది పెట్టండి! ఇంకో గోల్ కావాలి!"

ఎల్బా అప్పటికే ఒకటి తీసి కాగితంలో చుట్టింది. పిలార్ చెయ్యి చాపింది. ఫియొరెల్లా మిల్టన్ వైపు చూసింది, ఒక ఊరి జట్టు ఒక వైపు, తన పిల్ల కడుపు ఒక వైపు. "మిల్టన్, నూనె సరుకు. పొద్దున్నించి దగ్గుతోంది."

మిల్టన్ ఆ పొట్లం చూశాడు, గోడ చూశాడు. ఆట ఇంకో పన్నెండు నిమిషాలుంది.

"చాలు దోన్ అనీబల్!" అని అరిచాడు. "పిల్లకి ఇంక పెట్టేది లేదు!"

"ఒరే ద్రోహీ! రెండో డివిజన్ రా! రెండో డివిజన్!"

"ఏ డివిజనైనా సరే! కడుపు నొప్పొస్తే మీరొచ్చి కూర్చుంటారా?"

తల మాయమైంది. ఫియొరెల్లా పొట్లం తీసుకుని, రెండుగా తుంచి, పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది. ఇద్దరూ గోడకి ఆనుకుని తింటూ విన్నారు. ఈల. ఉస్సురుమనడం. మళ్ళీ ఈల. చివరికి గోడే కదిలిందా అన్నంత అరుపు. ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో మిల్టన్ ఆ రోజు చూడలేదు. పిలార్‌ని భుజాల మీదికెత్తుకుని వానలో గంతులేశాడు. ఫియొరెల్లా "పడేస్తావు, పడేస్తావు" అంటూ అతని చొక్కా పట్టుకుని చుట్టూ తిరిగింది.

ఫిబ్రవరిలో కొత్త షెడ్యూలు వచ్చింది. పదిహేను సొంత మ్యాచులు. వరసంతా కూర్చుని తీర్పు చెప్పింది: మిల్టన్, ఫియొరెల్లా, పిలార్, ముగ్గురూ గోడ బయట, ఎల్బా బండి పక్కన. ఓడేదాకా.

ఈలోగా మిల్టన్ ఆదివారాలు ఫియొరెల్లా వాళ్ళమ్మ ఇంట్లో భోంచేశాడు. ఆవిడకి కాబలా లేదు. జీతం, ఆరోగ్యం, తాగుడు, తల్లిదండ్రులు, అన్నీ అడిగింది. తర్వాత దోన్ అనీబల్‌ని కూడా పిలిపించి అడిగింది. "సగం ఆటలో లేచి వెళ్ళినవాడమ్మా, అంతకన్నా ఏం చెప్పను," అన్నాడాయన. ఆవిడకి అది పొగడ్తో తిట్టో అర్థం కాలేదు, అయినా పెళ్ళికి సరేనంది.

మొదటి మ్యాచ్ రోజు మండుటెండ. ముగ్గురూ గోడ నీడన నించున్నారు. మిల్టన్ షెడ్యూలు విప్పి, పంచాంగంలా వేలు పెట్టి చూపించాడు.

"మే నెలలో ఒక శుక్రవారం మనవాళ్ళు పైసాందూ ఊళ్ళో ఆడుతున్నారు. పెళ్ళికి ఆ శుక్రవారం బావుంటుంది."

"ఆ రోజు నీకు రేడియో కావాలి."

"ఒక్క చెవికే."

"పెళ్ళిలో రేడియోనా!" అంది గానీ, ఆ తేదీ కింద గోటితో గీత గీసింది.

లోపల నిశ్శబ్దం. కాసేపటికి మళ్ళీ నిశ్శబ్దం. ఎస్తీబా వాళ్ళకి ఆ నిశ్శబ్దం ఏమిటో తెలుసు. మూడోసారి కూడా అదే వినబడ్డాక గేటు కిర్రుమంది. దోన్ అనీబల్ టోపీ చేత్తో పట్టుకుని, సంతాపానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"సున్నా-మూడు," అన్నాడు. "గేటు మనిషితో మాట్లాడాను. రండి లోపలికి. మేమందరం తలో జానెడు జరిగాం."