కావాలి అనడం రాని మాస్టారు

"గ్రాసియాస్ పోర్ సు పసియెన్సియా" అన్నాడతను, కళ్ళు తెరవకుండానే.

భుజం తట్టి లేపిన అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. "ఏంటండీ, తిడుతున్నారా?"

అతను ఉలిక్కిపడి లేచాడు. ఉదయం ఏడున్నర. రాత్రంతా కాల్ సెంటర్లో కూర్చుని, సముద్రాల అవతల వాషింగ్ మెషీన్లు ఆగిపోయినవాళ్ళ తిట్లు స్పానిష్‌లో విని, స్పానిష్‌లోనే క్షమాపణలు చెప్పి వచ్చి, అక్క జిరాక్స్ షాపులో కుర్చీ మీద కూలబడ్డాడు. "పది నిమిషాలు షాపు చూసుకోరా" అని అక్క బయటికి వెళ్ళింది. చూసుకోవాలంటే కళ్ళు తెరిచి ఉండాలి. నాలుగేళ్ళ నైట్ షిఫ్టుల తర్వాత అతని కళ్ళు ఎవరి మాటా వినే స్థితిలో లేవు.

"సారీ అండీ. 'ఓపిక పట్టినందుకు ధన్యవాదాలు' అన్నాను. అలవాటు."

"పావుగంట నుంచి పడుతూనే ఉన్నాను ఓపిక. మీ మెషీను నా వీసా కాగితం మింగేసింది."

అతను మూత తీసి, నలిగిన కాగితాన్ని మెల్లగా బయటికి లాగి, అరచేత్తో సాపు చేసి ఇచ్చాడు. ఈలోగా మూడుసార్లు సారీ చెప్పాడు. ఆ అమ్మాయి అతని కళ్ళలోకి కాక నోటివైపే చూస్తోంది.

"రాత్రుళ్ళు పళ్ళు నూరుతారా?" అంది ఉన్నట్టుండి.

"నేనా?"

"అరిగిపోయాయి. నేను పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. కోపం దిగమింగేవాళ్ళ పళ్ళు ఇలాగే ఉంటాయి."

అప్పుడే వచ్చిన అక్క ఆ కాగితం మీది అక్షరాలు చూసి ముఖం చాటంత చేసుకుంది. "అమ్మాయ్, స్పానిష్ దేశం వెళ్తున్నావా? మా తమ్ముడికి స్పానిష్ కొట్టిన పిండి! రోజూ ఇదే టైముకి వచ్చెయ్, నేర్పేస్తాడు."

"అక్కా, నేను నిద్రపోవాలి..."

"నిద్రదేముందిరా, రేపు పోవచ్చు."

అలా అతను మాస్టారయ్యాడు. అడక్కుండానే ఇచ్చేసిన పదవి, వద్దనడం రాని మనిషికి.

కొత్త మెషీను మీద పళ్ళు చెక్కడం నేర్చుకోవడానికి ఆమెను ల్యాబ్ వాళ్ళు మూడు నెలలు పంపుతున్నారు. ప్రయాణానికి ఇంకా మూడు వారాలే. రోజూ ఏడున్నరకు వచ్చి, జిరాక్స్ మెషీన్‌కీ కాగితాల కట్టలకీ మధ్య స్టూలు వేసుకుని కూర్చునేది. అతనికి అది రోజు ముగిసే వేళ, ఆమెకు మొదలయ్యే వేళ. అయినా ఇద్దరి ముఖాల్లోనూ ఒకటే అలసట. పొద్దున్న వంట, సాయంత్రం దాకా ల్యాబ్, ఆ తర్వాత ఇంటి పని, మధ్యలో ఈ చదువు. ఆమె ఆవలిస్తే అతనూ ఆవలించేవాడు. అతని ఆవలింత చూసి అక్క కూడా ఆవలించి, ఇద్దర్నీ కలిపి తిట్టేది.

"దిస్కుల్పె ల మొలెస్తియా. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి."

ఆమె పలికి, నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుంది. "ఇంకా?"

"నో కువెల్గె, పోర్ ఫవోర్. దయచేసి ఫోన్ పెట్టెయ్యకండి."

"మాస్టారూ, నేను ఫోన్లో కాదు, రోడ్డు మీద మాట్లాడతాను."

"ఎందుకైనా పనికొస్తుందండీ."

ఆమె నవ్వింది. నవ్వితే ఆమె కళ్ళకింద నల్లచారలు కూడా అందంగా ఉంటాయని అతనికి ఆ రోజే తెలిసింది. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర రాలేదు. అసలే నిద్ర కరువైన మనిషికి ఇదొకటి తోడయింది.

రెండో వారంలో ఒక రోజు బయట వాన. ఆమె తడిసిన జుట్టు తుడుచుకుంటూ, "స్పానిష్‌లో 'కాదు' అని ఎలా అంటారు?" అని అడిగింది.

"'లమెంతాబ్లెమెంతె, నో ఎస్ పొసిబ్లె.' దురదృష్టవశాత్తూ ప్రస్తుతానికి వీలుపడదు."

"అంత పొడుగా? చిన్నది లేదా?"

"ఉంది. 'నో' అనే. కానీ మా ఆఫీసులో ఒట్టి 'నో' అనకూడదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "నాక్కూడా ఆ మాట తెలుగులోనే రావట్లేదు లెండి. ఇంట్లో సంబంధం చూశారు. నేను వెళ్ళేలోపు అవునో కాదో చెప్పమని అమ్మ కూర్చుంది. అబ్బాయి మంచివాడే. కానీ నాకు..." అని ఆగి, అతనివైపు చూసింది.

చెప్పాల్సిన మాట అతని గొంతుదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే, "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ" అని వచ్చింది.

ఆమె పుస్తకం మూసేసింది.

మర్నాడు అక్క పరీక్ష పెట్టింది. "నేను హోటల్ దాన్ని. నీ గదిలో కుళాయి రావట్లేదు. వచ్చి అడుగు, చూద్దాం."

అమ్మాయి గొంతు సవరించుకుని గడగడా అప్పజెప్పింది. అక్క ప్రతి ముక్కకూ తమ్ముడివైపు చూసింది. అతను నెమ్మదిగా తెలుగు చెప్పాడు. "మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి... మీ బాధ నాకు అర్థమైంది... మీ ఓపికకు ధన్యవాదాలు..."

"ఒరేయ్, నీళ్ళు రానిది దానికా, నాకా?"

అమ్మాయి నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేసింది. పందొమ్మిది పేజీలు. అన్నీ క్షమాపణలే.

"ఇందులో 'నాకు కావాలి' అన్న మాట ఎక్కడుంది మాస్టారూ? 'ఇది బాగాలేదు, మార్చండి' ఎక్కడుంది? పుట్టినప్పటినుంచీ అందరికీ సర్దుకుపోయి సర్దుకుపోయి విసిగిపోయాను. అక్కడికెళ్ళి కూడా అదే చెయ్యమంటారా? మీరు నాకు స్పానిష్ నేర్పలేదు. మీ ఉద్యోగం నేర్పారు."

"సారీ అండీ..."

"చూశారా!" అని ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ పైరోజూ రాలేదు. ఇంకా నాలుగు రోజుల్లో ఆమె ప్రయాణం.

"ఆ పిల్లంటే ఇష్టమేగా?" అంది అక్క, కాగితాలు సర్దుతూ.

"ఊఁ."

"మరి చెప్పి చావు. సంబంధం వాళ్ళు ముహూర్తం పెట్టేసుకున్నాక చెబుతావా?"

"అడిగితే ఏమనుకుంటుందో అక్కా."

"నాన్న పోయాక నువ్వు చిన్న బొమ్మ కూడా అడగలేదురా నన్ను. అడగనివాడికి అమ్మయినా పెట్టదంటారు. నేను అక్కనే కదా, నాకేం తెలుస్తుంది?" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ మాటతో అతనికి ఒకటి తోచింది. క్షమాపణలు తన వైపువి. ఫోనుకి అవతలివైపు నాలుగేళ్ళుగా జనం అడుగుతూనే ఉన్నారు. మాకిది కావాలి, ఇప్పుడే కావాలి, ఇది కాదు నేనడిగింది అని. అంత చక్కటి పాఠం రోజూ చెవిలో పడుతుంటే, ఎప్పుడు ఆపుతారా అని ఎదురుచూశాడు తప్ప నేర్చుకోలేదు. తర్వాతి రెండు రాత్రులూ షిఫ్టులో అతను తిట్లు శ్రద్ధగా విన్నాడు. ఒక పెద్దావిడ గంటసేపు దులిపేస్తుంటే అన్నీ రాసుకుని, చివర్లో మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాడు.

పొద్దున్నే ఆ కాగితాలు పట్టుకుని ఆమె ల్యాబ్‌కి వెళ్ళాడు. చిన్న గది, అంతా ప్లాస్టర్ పొడి. అరల నిండా పేరులేని మనుషుల దవడల అచ్చులు. ఆమె ఒక దవడను చేతిలో పట్టుకుని చిన్న చాకుతో మైనం గీస్తోంది.

"ఇవి నేర్చుకోండి" అన్నాడు. "నెసెసీతో. నాకు కావాలి. దీని వెనక ఏం పెట్టినా సరిపోతుంది. నీళ్ళు, గది, డాక్టరు. ఇంకా 'ఎస్తో నో ఫున్సియోనా', ఇది పనిచెయ్యట్లేదు. 'నో ఎస్ లో కె పెదీ', నేనడిగింది ఇది కాదు."

ఆమె కాగితం చివరిదాకా చదివింది. "ఇవన్నీ మిమ్మల్ని తిట్టిన తిట్లేనా?"

"అవును. మంచి ఉచ్చారణతో."

పెదవి బిగబట్టినా ఆమెకు నవ్వు ఆగలేదు. కానీ వెంటనే ముఖం వాడిపోయింది. "మంచిదండీ. థ్యాంక్స్. ఇంకేమైనా చెప్పాలా?"

ఇంతటితో వెళ్ళిపోవచ్చు. కాళ్ళు అప్పుడే గుమ్మంవైపు తిరిగాయి. నిద్రలేక తల దిమ్ముగా ఉంది. అంత అలసటలో కొత్తగా భయపడటానికి కూడా ఓపిక మిగల్లేదు. బహుశా అందుకే అనగలిగాడు.

"నాకు మీరు కావాలి. వెళ్ళొద్దనడం లేదు. వెళ్ళి, బాగా నేర్చుకుని రండి. ఆ సంబంధం మాత్రం ఒప్పుకోకండి. నన్ను పెళ్ళి చేసుకోండి."

ఆమె మాట్లాడలేదు. కాల్ సెంటర్లో అవతలివాళ్ళు పది సెకన్లు మౌనంగా ఉంటే ఏదో ఒకటి చెప్పి పూరించాలి, అది రూలు. అతను పది లెక్కపెట్టాడు. ఇరవై లెక్కపెట్టాడు. నోరు విప్పలేదు.

ఆమె దవడను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఎంతసేపు పట్టిందండీ అడగడానికి! వాన రోజు అడుగుతారనుకున్నాను. మర్నాడు అడుగుతారనుకున్నాను. చూసి చూసి అలిసిపోయాను తెలుసా?" ఆమె కళ్ళు నిండాయి. "నాకూ మీరే కావాలి."

అంటూనే ఫోన్ తీసి, నంబరు నొక్కి, అతని చేతిలో పెట్టింది. "మా అమ్మ. ఆ సంబంధం ఎందుకు కాదో ముందు మీరు చెప్పండి, కాదని తర్వాత నేను చెబుతాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అవతల ఫోన్ ఎత్తారు. "హలో, ఎవరు?"

"నమస్కారమండీ. మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చెయ్యమని అడగడానికి చేశాను."

అవతల ఒక నిట్టూర్పు. "స్పానిష్ మాస్టారివా బాబూ? ఇంట్లో మూడు వారాలుగా నీ గోలే. మాట అంత నీరసంగా ఉందేం? ఏమైనా తిన్నావా?"

తిన్నానండీ, పర్వాలేదండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఎదురుగా నిలబడి, మైనం అంటిన వేళ్ళతో అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"లేదండీ" అన్నాడతను. "బాగా ఆకలిగా ఉంది."

"అయితే దాన్ని కూడా తీసుకుని ఇంటికి రా. తిన్నాక మాట్లాడుకుందాం."