డీఫ్రాగ్: అరవై రెండు శాతం

“మనవాళ్ల పేర్లు ఎవరో అమ్మేశారు. శత్రు ముఠా ఆఫీసులో దొరికిన పాత హార్డ్ డిస్క్‌లో ఆ జాబితా ఉంది. డిలీట్ చేశారు. వెలికి తీయించు,” అన్నాడు చీఫ్ ఏజెంట్‌తో.

“టైమ్?”

“సాయంత్రం ఆరుకి పిచ్చుక సరిహద్దు దాటతాడు. జాబితాలో అతని పేరుంటే అవతల తుపాకులు కాచుకుని ఉంటాయి. లేకపోతే వెనక్కి పిలవొద్దు. ఏడాది పని మట్టిపాలవుతుంది.”

పిచ్చుక మారుపేరు. మనిషి ఏజెంట్‌కి సొంత తమ్ముడు.

అయిదున్నరకు ఏజెంట్ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ఎదురుగా ల్యాబ్ ఇన్‌చార్జి: ముత్యాల దుద్దులు, ఖరీదైన సెంటు, ఆరుతున్న గోళ్లరంగు. తీరిగ్గా కూర్చుని ఉంది. కంప్యూటర్‌లో అతనిచేత ఓనమాలు దిద్దించింది ఆమే. పదేళ్లుగా అక్కా అనే పిలుస్తాడు.

డిస్క్ గరగరమంటోంది. స్క్రీన్ మీద డీఫ్రాగ్, అరవై రెండు శాతం.

“ఇదేంటక్కా?”

“మరీ నత్తనడకరా. ఫైళ్లు ముక్కలుముక్కలుగా పడున్నాయి. ఒకచోట చేరిస్తే చకచకా చదువుతుంది. తిరిగే భాగాల్లేని ఎస్సెస్‌డీ అయితే దండగ, ఒట్టి అరుగుదల. ఇది తిరిగే డిస్క్ కదా.”

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా ఏజెంట్ చెయ్యి ప్లగ్గు మీదికి వెళ్లింది.

“కాపీ తీశావా?”

“టైమెక్కడిది?”

“డిలీట్ చేసిన ఫైలు ఖాళీ జాగాలో పడుంటుంది. నువ్వు సర్దేవన్నీ పోయి దాని నెత్తినే కూర్చుంటాయి. కాపీ లేకుండా డిస్క్ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నది నువ్వే.”

ఆమె లిప్‌స్టిక్ మూత తీసి అతని వైపు తిప్పింది. లోపల విషపు సూది.

“ప్లగ్గు మీంచి చెయ్యి తియ్. ఇప్పుడు కరెంటు పీకితే సగంలో ఉన్న ఫైలు పాడవుతుంది. అది జాబితాయే అయితే? తమ్ముణ్ని నీ చేత్తో నువ్వే చంపుకున్నట్టు.”

అతను ఒక్క క్షణం ఆగాడు. డీఫ్రాగ్ కదిపేది ఉన్న ఫైళ్లనే. తుడిచేసిన దాన్ని అది లెక్కలోకే తీసుకోదు. పాడైతే పాడయ్యేది వేరే ఫైలు.

ప్లగ్గు పీకేశాడు. సూది కోటు భుజంలో దిగింది, ఒంటికి తగల్లేదు. ఆమె రెండో సూది తీసేలోగా సంకెళ్లు పడ్డాయి.

అయిదూ యాభై ఎనిమిదికి జాబితా సగం దొరికింది. మూడో పేరు తమ్ముడిది.

“వాన పడేలా ఉంది, ఇంటికి రా,” అన్నాడు వైర్‌లెస్‌లో.

గరగర. తర్వాత విసుగ్గా ఓ గొంతు: “కంచె ఎక్కాక చెప్తావేంట్రా అన్నయ్యా? వెనక్కి దిగుతున్నా.”

ఏజెంట్ స్క్రీన్‌ను ఆమె వైపు తిప్పాడు. మొదటి పేరు తనదే.

“నన్నే ముందు రాశావేంటక్కా?”

“కలం పట్టుకోగానే ముందు గుర్తొచ్చింది నువ్వేరా.”