పిన్నీసు గీతలు

వంశపట భాండాగారం శాఖలో స్వరూప ఆ పూట ముప్పై ఏడో ఫోటోను, పాత పటాలను చదివే అతుకుదీపం కింద పెట్టింది. చెదలు తిన్న అంచు, తేమ మచ్చ, ముడత. ఫోటోలు బాగుచేసే యంత్రం పూరణి ఒక్కోదాన్నీ ‘నష్టం’ అని గుర్తించి మాన్పుకుంటూ పోతోంది. మాన్పిన ఫోటోల అసలు కాగితాలు నాలుగింటికల్లా ద్రావణిలో కరిగిపోవాలి. ఇంట్లో పాత ఫోటో దాచుకుంటే నేరం. భాండాగారం మీ ఇంటి గోడ మీద ఎవరిని చూపిస్తే వాడే మీ తాత. నోరెత్తడానికి లేదు.

మూడున్నరకు కొమురవ్వ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, పరకాల నుంచి ఒక్కతే వచ్చింది.

"నా గోడ మీద వాన్నెవరు కూసోబెట్టిన్రు?"

"ఎవరిని అవ్వా?"

"నా మొగన్ని. మా ఇద్దరి ఫోటల వాని మొకం నేనే పిన్నీసుతోని గోకిన. యాభై ఏండ్లాయె. నిన్న పొద్దుగాల సూస్తే పండ్లిగిలిచ్చుకుంట కూసున్నడు. ఒళ్లె నా బిడ్డ!"

స్వరూప తెర మీద ఆ పటం తెరిచింది. నిజమే. పిన్నీసు గీతలు పూరణికి నష్టంగానే కనిపించాయి. అన్నదమ్ముల పోలికలు తెచ్చి మొగుడి ముఖాన్ని మళ్లీ మొలిపించింది. అంతటితో ఊరుకుందా? జనన నమోదులో ఒక ఆడపిల్ల పేరుంది, ఫోటో లేదు. వంశంలో వెలితి ఉండకూడదట, దాని బొంద! తల్లి కళ్లూ తండ్రి ముక్కూ అతికించి ఒక పసిపాపను తయారుచేసి, తండ్రి ఒళ్లో పెట్టింది.

"రెండోది సుత ఆడపిల్లేనని ఆ బిడ్డను వాడు బాయిల పడేసిండు," అంది కొమురవ్వ. "పడేసొచ్చి, కాళ్లు కడుక్కొని, బువ్వ పెట్టుమన్నడు. నన్ను కొట్టినన్నాళ్లు నేను వాని మొకం గోకలే. ఆ దినం గోకిన. గిప్పుడు దాన్ని వాని చేతులల్లనే పెడ్తరా? సిగ్గు లేదా మీకు?"

స్వరూప తల దించుకుంది. "పాపనన్నా ఉంచుదామా అవ్వా?"

"అది నా బిడ్డ కాదు. నా బిడ్డను మూడు దినాలు ఎత్తుకున్న. దాని మొకం నాకెరుకే."

కొమురవ్వ కిందటి నెల అప్పజెప్పిన అసలు ఫోటో ఆ రోజు ద్రావణి వంతులోనే ఉంది. ఇంకో పావుగంటలో గీతలు కూడా ఉండవు. స్వరూప శాఖాధికారి వేణుమాధవ్‌కు ఫోన్ చేసింది.

"మాన్పింది వెనక్కి తీసుకునుడు లేదు, నీకు తెల్వదా?" అన్నాడాయన. "నచ్చజెప్పి పంపు. మంచిగనే ఉంది గదా, ఇల్లంత నవ్వుతున్నరు."

నవ్వుతున్నారట! స్వరూపకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంతో, తన మీద అంతే. పదకొండేళ్లుగా ఎన్ని గీతలు మాన్పిందో లెక్కే లేదు. ఇది ఎవరు గీశారని ఒక్కసారీ అడగలేదు.

లేచి వెళ్లి ద్రావణి పళ్లెంలోంచి ఆ ఫోటో లాగింది. దీపం కింద పెట్టి, గీతల మీద ఉన్న ‘నష్టం’ తీసేసి ‘చిత్రం’ అని నమోదు చేసింది. చిత్రమైతే గీసినవారి పేరు కావాలంది పూరణి. ‘కొమురవ్వ’ అని రాసింది. పనిముట్టు అడిగితే ‘పిన్నీసు’ అని రాసింది.

పూరణి ఆగిపోయింది. గీతను ఒక మనిషి కావాలని గీసి ఉంటారని దానికి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. కొమురవ్వ మొగుడి ముఖం చెరిగి, గీతలు పైకి తేలాయి. ఒళ్లో పాప లేదు. ఆ వెంటనే అన్ని శాఖల్లోనూ పని నిలిచిపోయింది. ఇంతవరకూ మాన్పిన ప్రతి గీతనూ పూరణి తిరిగి తెరిచి, ఆయా ఇళ్ల గోడల మీద ఒకటే అడగసాగింది: ‘ఇది ఎవరు గీశారు?’

వేణుమాధవ్ ఉరుక్కుంటూ వచ్చాడు. "ఏం జేసినవ్ స్వరూపా! పద్నాలుగు లక్షల గీతలు! జనం ఏదంటే అది రాస్తరు. ఆ పేరు కొట్టెయ్!"

"నేను కొట్టెయ్య సార్."

తెర మీద జవాబులు రావడం మొదలైంది. ఒకటి, నాలుగు, ఇరవై.

"ఏం రాసిన్రు?" అడిగింది కొమురవ్వ. "నాకు సదువు రాదు."

"‘మా అమ్మ, సూదితోని’ అని రాసిన్రు అవ్వా. ‘నేనే గీసిన’ అని ఇంకొకలు. ‘మా చిన్నమ్మ, బొగ్గుతోని.’"

"ఆగకు. అందరియి సదువు," అంది కొమురవ్వ.